జీలుగు అడగని నీళ్లు

అనగనగా ఒక అడవిలో, వాగులన్నీ ఎండి ఇసుక మేటలు మాత్రమే మిగిలిన ఒక వేసవిలో, జీలుగు అనే ఏదుపంది పిల్ల ఉండేది. ఏదుపంది అంటే తెలుసుగా పిల్లలూ? దాని వీపు నిండా పొడుగు పొడుగు ముళ్లుంటాయి. జీలుగు చాలా మంచి పిల్ల. కానీ భయం ఎక్కువ. కొత్తవాళ్లు ఎవరైనా ఎదురైతే చాలు, దాని ముళ్లు వాటంతటవే లేచి గలగలమనేవి. పక్కనున్నవాళ్లు ఉలిక్కిపడి దూరం జరిగేవాళ్లు. వాళ్లు జరగడం చూసి జీలుగుకి ఇంకా భయం వేసేది. ముళ్లు ఇంకా లేచేవి.

ఆ అడవిలో ఒక మద్దిచెట్టు కింద మర్యాదల బడి ఉండేది. సారంగయ్య మాస్టారనే ముసలి కొండముచ్చు ఆ బడి నడిపేవారు. ఎవరి బొరియకైనా వెళ్తే బయట నిలబడి పిలవాలి. తేనెటీగలు పనిలో ఉన్నప్పుడు వాటిని ఆపి కబుర్లు పెట్టకూడదు. పెళ్లికి వెళ్తే పిలవకముందే పంక్తిలో కూర్చోకూడదు. పదిమంది కూడిన చోట ఒకరి మాట పూర్తయ్యాకే ఇంకొకరు నోరు తెరవాలి. ఇవన్నీ మాస్టారు ఓపిగ్గా నేర్పేవారు. జీలుగుకి పాఠాలన్నీ వచ్చు. బొరియలో ఒంటరిగా ఉన్నప్పుడు గడగడా అప్పజెప్పేది. నలుగురి ముందు నిలబెడితే మాత్రం గొంతు పెగిలేది కాదు.

ఆ వేసవిలో దగ్గర్లో నీళ్లున్న చోటు ఒక్కటే. అది ఏనుగుల మడుగు. ఏనుగులకు పెద్ద గౌరమ్మ. ఆమె ఏనాడూ ఎవరినీ కాదనలేదు. అలాంటిది ఒకరోజు పొద్దున్నే ఏనుగులన్నీ మడుగు చుట్టూ గోడకట్టినట్టు నిలబడ్డాయి.

"ఎవరూ ఇటు రావద్దు," అన్నాయి. ఎందుకో చెప్పలేదు.

మొదటి రోజు జింకలు వెళ్లి బతిమాలాయి. రెండో రోజు నక్కలు వెళ్లి వాదించాయి. మూడో రోజు అడవిపందులు గుంపుగా వెళ్లి కేకలు పెట్టాయి. ఏనుగులు వాటిని కొండ మలుపు దాకా తరిమాయి.

ఇంకోచోట నీళ్లు కావాలంటే రెండు కొండలు దాటాలి. పెద్దవాళ్లు ఎలాగో పడుతూ లేస్తూ వెళ్లొస్తున్నారు. పిల్లలు అంతదూరం నడవలేరు. అమ్మ తెచ్చిన దుంపలు నమిలి, ఆ తడితోనే జీలుగు, దాని తమ్ముడు బుడ్డోడు మూడు రోజులు నెట్టుకొచ్చారు. నాలుగో రోజు బుడ్డోడు దుంప కూడా ముట్టలేదు. "నీళ్లు" అని కూడా అడగలేదు. కళ్లు మూసుకుని పడుకున్నాడు.

ఆ పొద్దున సారంగయ్య మాస్టారు బడిపిల్లల్ని పిలిచారు. ఎక్కిన ఎండుకొమ్మ విరిగి కిందపడటంతో ఆయన కాలు బెణికింది. అడుగు వెయ్యలేకపోతున్నారు.

"పెద్దవాళ్లు వెళ్లి గొడవ పెంచుకొచ్చారు," అన్నారు మాస్టారు. "ఇక మర్యాద నేర్చుకున్న మీరే వెళ్లాలి. కేతుడూ, నువ్వు వెళ్లు. గిరికా, నువ్వూ వెళ్లు."

కేతుడు అడవికోడి పుంజు. బడిలో వాడంత బాగా మాట్లాడేవాళ్లు లేరు. గిరిక ముంగిస పిల్ల. చురుకైనది.

మాస్టారు ఏదుపంది పిల్ల వైపు తిరిగి, "జీలుగూ, నువ్వు కూడా," అన్నారు.

"నేనా మాస్టారూ?" జీలుగు ముళ్లు గలగలమన్నాయి. "నాకు మాట రాదు కదండీ!"

"వెళ్లిరా తల్లీ," అన్నారాయన.

ముగ్గురూ బయల్దేరారు. దారి పొడుగునా కేతుడు తన ప్రసంగం మననం చేసుకుంటున్నాడు. గిరిక ముందుకు పరిగెత్తి, వెనక్కొచ్చి, "తొందరగా నడవండి," అంటోంది. జీలుగు మాత్రం లోపల్లోపల ఒక్క వాక్యమే అనుకుంటోంది. 'అవ్వా, మాకు నీళ్లు కావాలి. ఇస్తారా?' అంతే. ఎక్కడ మరిచిపోతానో అని వందసార్లు అనుకుంది.

మడుగు దగ్గర ఏనుగులు అలాగే నిలబడి ఉన్నాయి. ఒక్కటి కూడా తొండం కదపడం లేదు, చెవులు ఆడించడం లేదు. వాటి ముందు గౌరమ్మ ఉంది. ఆమె ఎంత పెద్దదంటే, జీలుగు తలెత్తి చూస్తే ఆకాశం కనిపించలేదు.

ముందు కేతుడు వెళ్లాడు. రెక్కలు టపటపా కొట్టి, మెడ సాచి, గొంతు చించుకుని మొదలుపెట్టాడు.

"ఘనమైన గజకులానికి పెద్దదిక్కైన గౌరమ్మగారికి మా మర్యాదల బడి తరఫున వెయ్యి దండాలు! మీ దయ సముద్రం! మీ కీర్తి..."

ఏనుగుల వెనకాల ఎక్కడో దబ్బుమని ఏదో పడిన చప్పుడైంది. సన్నగా ఒక మూలుగు వినిపించింది. ఏనుగులన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

"నోరు మూయి!" అంది గౌరమ్మ పళ్ల బిగువున.

కేతుడు బిత్తరపోయాడు. ఇంత మర్యాదగా మాట్లాడితే ఈ కోపమేమిటో వాడికి అర్థం కాలేదు. ఇక లాభం లేదని గిరిక గభాలున ముందుకు దూకింది.

"అవ్వా, ఒక్క మాట చెప్పండి చాలు, వెళ్లిపోతాం. నీళ్లు ఇవాళ ఇస్తారా, రేపు ఇస్తారా?"

గౌరమ్మ చప్పుడు కాకుండా తొండంతో మట్టి ఎత్తి వాళ్ల మీదికి విసిరింది. దుమ్ము లేచింది. గిరిక ఒక పొదలో దూరింది. కేతుడు ఇంకో పొదలో దూరాడు.

జీలుగు కూడా పారిపోయేదే. కాళ్లు కదిలితేగా! భయంతో ఉన్నచోటే బిగుసుకుపోయింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. గలగల, గలగల.

దుమ్ము అణిగింది. అప్పుడు గౌరమ్మ కాళ్ల సందునుంచి జీలుగుకి అవతల ఏముందో కనిపించింది.

తడి మట్టిలో ఒక ఏనుగు గున్న పడి ఉంది. పుట్టి మూడు నాలుగు రోజులు కూడా అయ్యుండదు. దాని తల్లి వంగి, తొండంతో నెమ్మదిగా లేపుతోంది. గున్న ముందుకాళ్లు ఊని లేవబోయింది. ఇటు ముళ్లు గలగలమన్నాయి. గున్న ఉలిక్కిపడి మళ్లీ కూలబడింది.

'అయ్యో! ఇందాక కేతుడు అరిచినప్పుడు పడింది కూడా ఈ గున్నే!' అనుకుంది జీలుగు.

ఆ పిల్ల గబగబా వెనక్కి నడిచింది. ఒక అడుగు, రెండడుగులు, పదడుగులు. తన చప్పుడు గున్నకు వినిపించనంత దూరం వెళ్లి ఒళ్లు ముడుచుకుని కూర్చుంది. గౌరమ్మ ఆ పిల్లనే చూస్తూ దగ్గరికొచ్చింది.

"మిగతావాళ్లు పారిపోయారుగా, నువ్వెందుకు ఆగావు?" అంది.

దారంతా వందసార్లు అనుకున్న వాక్యం జీలుగు నాలుక చివరనే ఉంది. ఒక్కసారి అడిగేస్తే పని అయిపోతుంది. బొరియలో కళ్లు మూసుకుని పడుకున్న బుడ్డోడు గుర్తొచ్చాడు. నోరు తెరిచింది. కానీ అవతల నుంచి మళ్లీ ఆ సన్నటి మూలుగు వినిపించింది.

"అవ్వా," అంది జీలుగు మెల్లగా. "బిడ్డకి ఎలా ఉంది?"

గౌరమ్మ వెనక్కి, గున్న వైపు చూసింది.

"నా కూతురి బిడ్డ," అంది. "పుట్టినప్పటి నుంచి నిలబడలేకపోతోంది. నిలబడితేగాని తల్లి పాలు అందవు. ఏ చిన్న అలికిడైనా జడుసుకుని పడిపోతోంది."

"నా ముళ్లు చప్పుడు చేశాయవ్వా. క్షమించండి. భయమేస్తే వాటంతటవే లేస్తాయి."

"నీళ్లు అడగడానికేగా వచ్చావు?"

"అవునవ్వా. కానీ ఇప్పుడు అడగను." జీలుగు కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ ఇంట్లో బాలేదు కదా. అందరికీ చెప్పి ఎవరూ ఇటు రాకుండా చూస్తాను."

గౌరమ్మ వెనక్కి తిరిగి గున్న దగ్గరికి వెళ్లిపోయింది.

మద్దిచెట్టు కింద జంతువులన్నీ ఎదురుచూస్తున్నాయి. ముగ్గురూ వట్టి చేతులతో రావడం చూసి అందరి ముఖాలూ వాడిపోయాయి.

"మేమిద్దరం అడిగాం," అన్నాడు కేతుడు. "ఈ జీలుగే! గౌరమ్మ ఎదురుగా వచ్చి నిలబడినా నీళ్ల ఊసెత్తలేదు!"

"ఏమే, నిజమా?" అంది జీలుగు వాళ్లమ్మ. "ఇంట్లో తమ్ముడి సంగతి తెలిసి కూడానా?"

జీలుగు తల వంచుకుంది. వణుకుతూనే చూసిందంతా చెప్పింది. ఇంతమంది ముందు మాట్లాడటం ఆ పిల్లకు అదే మొదటిసారి.

అడవిపందుల పెద్ద గుర్రుమన్నాడు. "వాళ్ల పిల్ల పిల్ల, మా పిల్లలు పిల్లలు కాదా? అందరం ఒక్కసారిగా మడుగులోకి దూకేద్దాం. ఎంతమందిని తొక్కుతారో చూద్దాం!"

"వద్దు మామా!" అంది జీలుగు. "మనం కేకలు పెడితే ఆ గున్న ఇంక లేవదు. కాస్త ఆగండి."

సారంగయ్య మాస్టారు కుంటుకుంటూ లేచి నిలబడ్డారు. "తప్పు నాది," అన్నారు. "ఎలా పలకరించాలో అందరికీ నేర్పాను. పలకరించేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం చూడాలని చెప్పడం మరిచిపోయాను. ఈ పిల్ల చెప్పినట్టు ఆగుదాం."

"పొద్దు కొండమీదికి వాలేదాకా ఆగుతాను," అన్నాడు పందుల పెద్ద. "ఆ తర్వాత ఎవరు చెప్పినా వినను."

జీలుగు బొరియలోకి వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుంది. బుడ్డోడి ఊపిరి వేడిగా తగులుతోంది. 'నేను చేసింది తప్పేమో. అడిగుంటే ఇచ్చేదేమో. వీడికేమైనా అయితే?' అని ఆ పిల్ల మనసు ఒకటే కొట్టుకుంది. బయటికి వచ్చి పొద్దును చూసేది. లోపలికి వెళ్లి తమ్ముణ్ని చూసేది. మధ్యాహ్నం దాటింది. నీడలు సాగాయి. మడుగు వైపు నుంచి ఏ కబురూ లేదు.

పొద్దు కొండమీదికి వాలింది. అడవిపందులు బారులు తీరి, నేలను గిట్టలతో గీరుతున్నాయి. జీలుగు పరిగెత్తుకెళ్లి వాటి దారికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకో పిల్లా," అన్నాడు పందుల పెద్ద.

"ఇంకొక్క ఘడియ మామా. ఒక్క ఘడియ."

అప్పుడే నేల అదిరింది. చెట్లకొమ్మలు విరుగుతున్న చప్పుడు. కుందేళ్లు, జింకలు పరుగులు తీశాయి. పందులు వెనక్కి తగ్గాయి. పొదల్ని చీల్చుకుంటూ గౌరమ్మ వచ్చింది. నేరుగా జీలుగు ముందుకు వచ్చి ఆగింది. జీలుగు కళ్లు గట్టిగా మూసుకుంది.

"అలికిడి లేకపోయేసరికి గున్న లేచి నిలబడింది," అంది గౌరమ్మ. "కడుపు నిండా పాలు తాగింది."

పరుగు తీసిన జింకలు, కుందేళ్లు మెల్లగా తిరిగొచ్చాయి.

"నాలుగు రోజులుగా అందరూ వచ్చారు," అంది గౌరమ్మ చుట్టూ చూసి. "కొందరు బతిమాలారు, కొందరు పొగిడారు, కొందరు తిట్టారు. బిడ్డకి ఎలా ఉంది అని అడిగింది ఈ పిల్ల ఒక్కతే. నాదీ తప్పుంది. కష్టం వచ్చిందని మీకు చెప్పకుండా దారి మూసేశాను. మీ పిల్లల గొంతులెండాయి." ఆమె వంగి, తొండం జీలుగు ముందు నేలకు ఆనించింది. "తల్లీ, పొద్దున అడగలేదుగా. ఇప్పుడు అడుగు."

జీలుగు గొంతు సవరించుకుంది. అందరూ తననే చూస్తున్నారు. అయినా ఈసారి మాట వచ్చింది.

"అవ్వా, మాకు నీళ్లు కావాలి. ఇస్తారా?"

"రండి," అంది గౌరమ్మ. "పసిపిల్లలు ముందు."

జంతువులన్నీ ఒకరి వెనక ఒకరు, అడుగుల చప్పుడు కూడా కాకుండా మడుగుకు నడిచాయి. అమ్మ బుడ్డోణ్ని నోట కరుచుకుని తెచ్చి నీటి అంచున పడుకోబెట్టింది. జీలుగు వాడి పెదాల మీద తడి అద్దింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అప్పుడు బుడ్డోడు కళ్లు తెరిచాడు. మూతి నీళ్లలో పెట్టి, గటగటా తాగడం మొదలుపెట్టాడు.

నీతి: తియ్యటి మాటలు వచ్చినంత మాత్రాన మర్యాద వచ్చినట్టు కాదు, మన అవసరం చెప్పేముందు ఎదుటివారి కష్టం చూడగలగడమే అసలైన మర్యాద.