గట్టు మీద ఇద్దరు

భానోజీరావు మాస్టారికి సందేహం చెప్పుకుంటే సమాధానం దొరికేది కాదు. "పద, చూద్దాం" అని లేచేవారు. విజయనగరం కాలేజీలో చాలాకాలం యుద్ధాల చరిత్ర చెప్పి, రిటైరయ్యాక విశాఖపట్నం వచ్చి ఒంటరిగా ఉంటున్న ఆ పెద్దాయన దగ్గరికి వీడియో గేములు తయారుచేసే కుర్రాళ్ళు సలహాలకి వెళ్తున్నారంటే మొదట్లో నేనూ నవ్వాను. ఆ ఆటలు ఆయనా ఆడేవారు. అయితే ఎంత గొప్ప యుద్ధమైనా ఆయన సేనాపతిగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఎప్పుడూ ఓ మామూలు కాల్బంటుగానే దిగేవారు. అదేమిటండీ అంటే, "కొండమీంచి కనిపించిన యుద్ధాన్ని జీవితమంతా పాఠం చెప్పాను, చాలదూ?" అనేవారు.

ఆయన శిష్యుల్లో ఉదయభాస్కర్ మంచి తెలివైనవాడు. ఆ తెలివితో పాటు, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మొండితనమూ ఉంది. అతను చేస్తున్న ఆటలో ఆడేవాడే సేనాపతి. కొండమీద నిలబడితే యుద్ధభూమి అంతా కనిపిస్తుంది. అతని స్వేచ్ఛకి హద్దు లేదు. ఏ దళాన్ని ఏ దారినైనా పంపొచ్చు, సగం దారిలో వెనక్కి పిలవొచ్చు, రెండుగా చీల్చొచ్చు, కావాలంటే శత్రువుకి ఎరగా వదిలేయొచ్చు. ప్రతి సైనికుడి తలమీదా అతని ధైర్యం ఎంతుందో చూపించే పచ్చటి గీత ఉంటుంది. అది ఎర్రబడి, తరిగి తరిగి అయిపోయిందంటే అతను ఆయుధం పారేసి పరుగెడతాడు. అన్నీ ఉన్నాయి గాని అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఎవరు ఆడినా సైన్యం సగం యుద్ధంలోనే పారిపోయేది. ఆట కొనుక్కుంటామన్న కంపెనీకి ఓపిక నశించింది. నెలాఖరుకి ఈ సంగతి తేల్చకపోతే తమకు అక్కర్లేదని చెప్పేసింది. భాస్కర్ రోజూ ధైర్యం లెక్కలు మారుస్తూనే ఉన్నాడు, సైనికులు రోజూ పారిపోతూనే ఉన్నారు.

ఇక అతని సొంత దళం సంగతి. నలుగురు స్నేహితులు కలిసి మొదలుపెట్టిన పని అది. పొద్దున్నే భాస్కర్ కొత్త ఆలోచనతో వచ్చేవాడు. ముందురోజు ఎవరో కష్టపడి చేసింది సాయంత్రానికల్లా మాయమయ్యేది. ఎందుకు తీసేశావంటే చెప్పే తీరిక అతనికి ఉండేది కాదు. ఇద్దరు ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మిగిలినవాడు మస్తాన్ వలీ. ఆటలో నేల, కొండలు, వాగులు, చెట్టూచేమా అన్నీ అతని చేతి పనే. తను కూడా ఈ ఆదివారంతో మానేస్తున్నానని మస్తాన్ మాస్టారి దగ్గర చెప్పుకున్నాడు. భాస్కర్‌కి చెప్పలేదు. అడిగేవాడుంటే కదా చెప్పడానికి.

ఆ ఆదివారం మధ్యాహ్నమే, వాళ్ళు అద్దెకు తీసుకున్న మేడమీది రెండు గదుల్లో, భాస్కర్ మాస్టారిని కూర్చోబెట్టి తన ప్రశ్న అడిగాడు.

"మాస్టారూ, ఏ ఆటలోనూ లేనంత స్వేచ్ఛ ఇచ్చాను సేనాపతికి. అయినా సైనికులకి ధైర్యం ఎందుకు నిలవట్లేదు?"

"పద, చూద్దాం," అన్నారాయన. "నువ్వు కొండెక్కు. నేనూ మస్తానూ కింద ఉంటాం."

సైనికుడిగా ఆడే ఏర్పాటు మస్తాన్ ఎప్పుడో చేసిపెట్టాడు. అందులో పారిపోవాలా, నిలబడాలా అన్నది ఆడేవాడి చేతిలోనే ఉంటుంది. భాస్కర్ దాన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు. ఇద్దరూ వెనక గదిలో చెరో కంప్యూటరు ముందు కూర్చున్నారు. భాస్కర్ ముందు గదిలో తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

కింద ఉన్నవాడికి యుద్ధం కనిపించదు. ముందున్నవాడి వీపు కనిపిస్తుంది, కాళ్ళకింద బురద కనిపిస్తుంది. కొమ్ము ఊదారు, దళం నడిచింది. చాలాదూరం పోయాక మళ్ళీ ఊదారు, వెనక్కి తిరిగింది. ఓ తోపులోకి వెళ్ళమన్నారు, వెళ్ళీవెళ్ళకముందే బయటికి రమ్మన్నారు. మాస్టారు చెప్పినట్టల్లా నడిచారు. తల మీది గీత అప్పటికే సగం ఎర్రబడింది. చివరికి ఓ గట్టెక్కించి నిలబెట్టారు.

"ఈ గట్టు కింద వాగుండేదండి," అన్నాడు మస్తాన్. "బాగా కుదిరింది. మొన్న తీసేశాడు."

"ఎందుకూ?"

"తెలీదండి."

"మనల్నిక్కడ ఎందుకు నిలబెట్టాడు?"

"అదీ తెలీదండి."

ఇంతలో ఎదుటి సైన్యం వచ్చిపడింది. గట్టుమీద గీతలన్నీ ఎర్రబడ్డాయి. ముందున్న వీపు ఇటు తిరిగి, పక్కనుంచి పరుగెత్తుకుంటూ పోయింది. దాని వెనకే మరొకటి, మరొకటి. కొమ్ము కోసం చూశారు, మోగలేదు. మాస్టారి వేలు పారిపోయే మీట మీదే ఉంది. ఆయన పక్కకి చూశారు. మస్తాన్ వేలూ అక్కడే ఉంది.

కాసేపటికి ముందు గదిలోంచి ఒక్క కేక వినిపించింది. భాస్కర్ గెలిచాడు. ఆ సంతోషంలో హెడ్‌ఫోన్లు తీసి, చెబుదామని ఇటూ అటూ చూస్తే గదిలో ఎవరూ లేరు. ఇదివరకైతే ఇలాంటప్పుడు నలుగురూ కుర్చీలు తన్నేసి లేచేవారు. ఇప్పుడు ఆ కుర్చీలన్నీ ఖాళీ. లేచి వచ్చి తలుపు తోశాడు.

"గెలిచాం మాస్టారూ! శత్రువంతా మీ గట్టుమీదికే వచ్చాడు. నేను చుట్టూ తిరిగి వెనకనుంచి కొట్టాను. ఎత్తంతా మీ మీదే నడిచింది!"

"అలాగా?" అన్నారు మాస్టారు. "ఇక్కడికి కబురేం రాలేదు నాయనా."

భాస్కర్ తెరల వైపు చూశాడు. గట్టు ఖాళీగా ఉంది. దానిమీద ఇద్దరే ఇద్దరు సైనికులు, బరిసెలు పట్టుకుని, దగ్గర దగ్గరగా నిలబడి ఉన్నారు. తలల మీద గీత అన్నదే లేదు.

"ధైర్యం మొత్తం అయిపోయిందిగా! లెక్క ప్రకారం మీరు ఎప్పుడో పారిపోవాలే?"

"పోదామనే అనుకున్నాను. ఇతను ఒక్కడూ అయిపోతాడని ఆగాను."

మస్తాన్ తలెత్తలేదు. "నేనూ అంతేనండి," అన్నాడు నెమ్మదిగా.

భాస్కర్ మళ్ళీ తెర వైపు చూశాడు. అతని లెక్కల్లో పక్కవాడికి చోటే లేదు.

"ముందే ఎర అని చెబితే ఎవడు నిలబడతాడ్రా అక్కడ?" అన్నాడు. మాస్టారితో కాదు, మస్తాన్‌తో. చాలా రోజుల తర్వాత అతన్ని అడిగిన ప్రశ్న అదే.

"చెప్పి చూడాల్సింది. నేనే వెళ్ళి నిలబడేవాణ్ణి," అన్నాడు మస్తాన్.

మాస్టారు ఇంటికి బయల్దేరడానికి లేచారు. మస్తాన్ కుర్చీలోంచి లేవలేదు. తన వస్తువులు సర్దుకున్న సంచీ మాత్రం కాళ్ళ దగ్గరే ఉంది. భాస్కర్ అప్పుడు చూశాడు దాన్ని. చిన్నపిల్లాడిలా మాస్టారి వెనకే గుమ్మం దాకా వచ్చాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి మాస్టారూ? ఎక్కడ మార్చాలి?"

మాస్టారు వంగి చెప్పులు తొడుక్కున్నారు.

"నన్నడుగుతావేం నాయనా? గట్టుమీది మనిషి ఇంకా దిగలేదు. దిగకముందే వెళ్ళి అడుగు."