ఓబేదు ఆగే చోటు

నిన్నే అంటున్నాను, పక్కవాణ్ణి చూడకు. నీ తప్పు నీ చెవిన పడకుండా కప్పిపెట్టుకుని, దానికి సాధన అని పేరు పెట్టుకుంటావా? అద్దానికి పౌడరు రాస్తే మొహం మీది మసి పోతుందా?

ఓబేదు కూడా పోతుందనే అనుకున్నాడు. విను.

ఓబేదు కాకినాడ ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. పదేళ్ళుగా అహరోను మాస్టారి దగ్గర గిటారు నేర్చుకుంటున్నాడు. మాస్టారు పగలు కుట్టుమిషన్లు బాగుచేసి, శనివారం సాయంత్రాలు చర్చి వెనక గదిలో పాఠం చెప్పేవారు.

ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. ఈస్టర్ ఆరాధన మాటతో మొదలవదు. ఆ ఏటి కొత్త పాటను ముందు ఒక్క గిటారు మీద వాయిస్తారు. సంఘమంతా కళ్ళు మూసుకుని విని, రెండోసారి, పంచిన పాట కాగితం చూసుకుంటూ, దానితో గొంతు కలుపుతుంది. పాట కట్టేది మాస్టారు. ఎవరు వాయించాలో చెప్పేదీ ఆయనే.

ఆ ఏటి పాటను మాస్టారు శిష్యులందరికీ నేర్పారు. దాన్ని ఎత్తుకునే భాగ్యం తనకే దక్కాలని ఓబేదు ఆశ. చిక్కల్లా ఇంటితోనే వచ్చింది. ఇరుకు వాటా, పక్కవాటాకీ దీనికీ నడుమ ఒకటే గోడ. అతనిది ఎలక్ట్రిక్ గిటారు, స్పీకరులో కాస్త గట్టిగా మోగితే చాలు, అవతల పసిపిల్ల లేచి ఏడ్చేది. అందుకని ఒక చిన్న ఆంప్లిఫయర్ కొన్నాడు. కాలితో నొక్కే పెడల్ అంతే ఉంటుంది, సబ్బుపెట్టెకు అన్నలాగ. గిటారు వైరు ఒక పక్క, హెడ్‌ఫోన్లు ఇంకో పక్క; మోత తన చెవులకే. పైన మూడు నాబ్‌లు. ఒకటి శబ్దం పెంచేది, ఒకటి గరుకుదనం తెచ్చేది, ఒకటి ప్రతిధ్వని ఇచ్చేది.

అంతవరకు తప్పేమీ లేదు. పక్కింటి బిడ్డ నిద్ర చెడగొట్టకూడదనుకోవడం మంచి పనే. కానీ ఓబేదు చివరి రెండు నాబ్‌లనూ ఆ చివరిదాకా తిప్పేశాడు. ఒక్క తీగ మీటితే పెద్ద కోవెల పైకప్పు కింద మీటినట్టు మోగేది. వేలు జారినా, ఆ మోతలో ఆ జారుడు మునిగిపోయేది.

శనివారం పాఠానికి వెళ్ళడం మానేశాడు.

ఒక ఆదివారం చర్చి మెట్ల మీద మాస్టారు ఆపారు. పక్కనే హెప్సిబా ఉంది. బడిలో లెక్కలు చెప్పే మనిషి, మాస్టారి దగ్గరే నేర్చుకుంటోంది. ఆవిడది పాత చెక్క గిటారు.

"ఏరా, మూడు వారాలైంది నువ్వు పాఠానికొచ్చి?"

"ఇంట్లోనే సాధన అవుతోంది మాస్టారూ. వింటే మీరే అంటారు, ఇంక నీకు నేర్పడానికేం లేదురా అని." హెప్సిబా వైపు తిరిగాడు. "నువ్వూ నాలా ఒక ఆంప్లిఫయర్ కొనుక్కో అక్కా. నీ గిటారు పొట్టలో బల్లి దూరినట్టుంది. పాటకన్నా దాని చప్పుడే ఎక్కువ."

"బల్లి పలికితే నిజమంటారు తమ్ముడూ," అంది హెప్సిబా.

మాస్టారు నవ్వలేదు. "సాయంత్రం మీ ఇంటికొస్తాను," అన్నారు.

వచ్చేసరికి ఓబేదు తల్లి రాహేలమ్మ చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తోంది. ఓబేదు గబగబా హెడ్‌ఫోన్లు తెచ్చి మాస్టారి చేతికివ్వబోయాడు.

"నువ్వే పెట్టుకో," అన్నారాయన, పీట లాక్కుని కూర్చుంటూ. "కొత్త పాట వాయించు."

ఓబేదు కళ్ళు మూసుకుని వాయించాడు. చెవుల నిండా కోవెల. ముగించి కళ్ళు తెరిచేసరికి మాస్టారు తనవైపు చూడటం లేదు. రాహేలమ్మ వైపు చూస్తున్నారు.

"అమ్మా, ఈ పాట మీరు పాడగలరా?"

"నాకెక్కడొచ్చు మాస్టారూ? మాటలు తెలీవు. వీడు రోజూ వాయిస్తుంటే ఆ తీగల టిక్కుటిక్కులు విని రాగం మాత్రం పట్టుకున్నాను."

"ఆ రాగమే చాలు."

ఆవిడ సిగ్గుపడుతూనే అందుకుంది. చేతులు చింతపండులోనే ఉన్నాయి. గొంతు సన్నదైనా తీరుగానే సాగింది. రెండో వరుస చివర టక్కున ఆగింది. ఒక అడుగు వెనక్కి వెళ్ళి, మళ్ళీ అందుకుని, సాఫీగా ముగించింది.

"అదేంటమ్మా?" అన్నాడు ఓబేదు. "అక్కడ ఆగకూడదు."

రాహేలమ్మ తెల్లబోయింది. "నువ్వు రోజూ అక్కడే ఆగుతావు కదరా. పాటే అంత అనుకున్నాను."

ఓబేదు మాస్టారి వైపు చూశాడు. ఆయన వంగి చివరి రెండు నాబ్‌లనూ సున్నాకు తిప్పారు. శబ్దం నాబ్‌ను ముట్టుకోలేదు.

"ఇప్పుడు వాయించు."

ఈసారి చెవుల్లో కోవెల లేదు. తన వేళ్ళు మాత్రమే ఉన్నాయి. రెండో వరుస చివరికి వచ్చేసరికి చూపుడు వేలు తీగను దాటలేక తొట్రుపడింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ అందుకుంది. అచ్చం అమ్మ పాడినట్టే.

చేతులు దించేశాడు.

"పెట్టె మంచిదేరా," అన్నారు మాస్టారు, లేస్తూ. "ఇక్కడ వినేది మీరిద్దరే కాబట్టి సరిపోయింది. చర్చిలో నీ వెంట పాడేది మూడువందలమంది."

రాహేలమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళిపోయారు.

ఈస్టర్‌కు ఇంకా నెల ఉంది. ఓబేదు ప్రతి శనివారమూ పాఠానికి వెళ్ళాడు. ఇంట్లో అదే పెట్టెతో, అవే హెడ్‌ఫోన్లతో సాధన చేశాడు. ఆ రెండు నాబ్‌లూ మాత్రం సున్నా దగ్గరే ఉండిపోయాయి. మూడో వారానికల్లా వేలు ఆగకుండా దాటింది.

ఈస్టర్ ఉదయం పాట ఎత్తుకున్నది హెప్సిబా. ఓబేదు ఆవిడ వెనక కుర్చీలో కూర్చుని తోడు వాయించాడు. ఆ చోటు అతనికి బాధనిపించలేదు. చెక్క గిటారు చక్కగా పలికింది. సంఘం కళ్ళు మూసుకుని విని, రెండోసారి గొంతు కలిపింది.

రెండో వరుస చివర మూడువందల గొంతులూ సాఫీగా ముందుకు సాగిపోయాయి. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్క సన్నటి గొంతు మాత్రం టక్కున ఆగింది. ఒక అడుగు వెనక్కి వెళ్ళి, మళ్ళీ అందుకుంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు సరిచేసినా రాహేలమ్మకు ఆ పాట మరోలా రాలేదు. సాయంత్రాలు వంటింట్లో సంతోషంగా పాడుకుంటుంది, కొడుకును గిటారు పట్టమంటుంది. ఆగకుండా వాయించగల ఓబేదు, ఆ చోటికి రాగానే వేలు ఎత్తి, తల్లి వెనక్కి వెళ్ళి వచ్చేదాకా ఆగుతాడు.