యాభై కిలోమీటర్ల తేడా

గన్నవరం దగ్గర పొలాలు కొలిచే అన్నదమ్ములు ఇద్దరుండేవారు. పెద్దవాడు పున్నయ్య, చిన్నవాడు బసవయ్య. కొలతలో తమని మించినవాడు జిల్లాలో లేడని వాళ్ళే చెప్పుకునేవారు. ఇంకెవరూ చెప్పకపోతే మరేం చేస్తారు. దూరం తేల్చుకోకుండా గడప దాటకూడదన్నది వాళ్ళ ఇంటి ఆచారం.

విశాఖపట్నంలో వాళ్ళ చెల్లెలి కూతురికి ఆ సాయంత్రమే బారసాల. పిల్ల చెవిలో పేరు చెప్పాల్సింది అమ్మమ్మ, అంటే వీళ్ళ తల్లి సింగారమ్మ. ఏం పేరో ఆమె ఎవరికీ చెప్పలేదు. అల్లుడు మధ్యాహ్నం విమానానికి టికెట్టు పంపాడు.

"ఎంత దూరంరా?" అంది సింగారమ్మ. అంతే, ఇద్దరూ ఊరి బళ్ళో భూగోళం చెప్పే రామతారకం మాస్టారింటికి పరిగెత్తారు.

ఆయన పటం పరిచాడు. "రెండు విమానాశ్రయాల మధ్య దారం తిన్నగా పెట్టి కొలవండి, తర్వాత లెక్క కడదాం" అని మంచినీళ్ళకి లోపలికి వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి వీళ్ళు లేరు. తెలియకపోవడం తప్పు కాదు. అడిగి, సగం విని పరిగెత్తడమే తప్పు.

"జానెడేనే అమ్మా" అన్నాడు పున్నయ్య ఇంటికొచ్చి.

"జానెడుకి విమానమెందుకురా, అల్లుడికి డబ్బులెక్కువయ్యాయా" అని సింగారమ్మ చెప్పులేసుకుని, గడప దాటి జానెడు దూరంలో నిలబడింది. "ఏదిరా విశాఖపట్నం?"

"ఇంకో జాన వెయ్యి. దారం కాస్త వదులుగా పట్టినట్టున్నాను."

నాలుగో జానకి ఆమె వాకిట్లో కట్టేసిన గేదె దగ్గరికి చేరింది. అప్పుడొచ్చాడు మాస్టారు రొప్పుతూ.

"ఒరే, అది పటం మీద దూరం. గాలిలో రెండువందల తొంభై కిలోమీటర్లు, రోడ్డు మీద మూడువందల నలభై. ముందు ఆమెని విమానం ఎక్కించండి" అనేసి బడికి వెళ్ళిపోయాడు.

ఇంకేముంది, బసవయ్య వేళ్ళు మడిచి లెక్కేశాడు. "అన్నా, ఊరు మూడువందల నలభైలో ఉంది. విమానం రెండువందల తొంభైయే పోతుందట. మిగతా యాభై?"

"అమ్మని ముందే దింపేస్తారు."

"అక్కడ నేల ఉంటుందా?"

"ఉన్నా లేకపోయినా దింపేస్తారు. ఆ యాభై మనమే ముందు తీర్చేసి, అక్కడ ఎక్కిస్తే సరి."

అంతే. ఆటో కట్టించుకుని, కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ సరిగ్గా యాభై పోయారు. ఏలూరు దాటాక ఒక చేలో ట్రంకుపెట్టె దించి, దానిమీద తల్లిని కూర్చోబెట్టారు. ఆమె టికెట్టు పైకెత్తి పట్టుకుంది.

విమానం వచ్చింది. నెత్తిమీదుగా పోయింది.

"చూశావా, వేలెడు తేడా లేదు" అన్నాడు పున్నయ్య.

"ఆగలేదేంరా?" సింగారమ్మ కళ్ళు తుడుచుకుంది. "పిల్ల పేరు లేకుండా ఉండిపోతుంది."

"పేరుకి సీటెందుకమ్మా" అన్నాడు బసవయ్య. "విమానానికి చెప్పు, పట్టుకెళ్తుంది."

ఆమె లేచి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని మూడుసార్లు అరిచింది. విమానం ఒక పక్కకి ఒరిగి మబ్బులోకి వెళ్ళింది.

"వింది. తలూపింది" అన్నాడు పున్నయ్య.

సాయంత్రం చేలోనే కూతురి ఫోనొచ్చింది. "అమ్మా, ఎక్కడున్నావే? అందరూ కూర్చున్నారు. పేరన్నా ఫోన్లో చెప్పు."

"నోరుముయ్యవే. రెండోసారి చెబితే పిల్లకి రెండు పేర్లవుతాయి. విమానంలో పంపాను, మీ ఆయన్ని వెళ్ళి దింపుకు రమ్మను."