మైకులు మూసిన పాఠం

ప్రసూనకు రెండో తరగతి మొదలుపెట్టాలని ఉంది. మొదటి తరగతిలో నలభైమంది ఆడవాళ్ళు. ఆర్నెల్లుగా ఫోనులోనే అమ్మవారి స్తోత్రం నేర్చుకున్నారు. ఒకావిడైతే దుబాయి నుంచి. రెండో తరగతికి అప్పుడే రెండు వందలమంది పేర్లిచ్చారు. కానీ గురువు సరేననకుండా పాఠం చెప్పడం మా మేనత్త హైమవతి గారి శిష్యుల్లో లేదు. అందుకని పూలూ పళ్ళూ పట్టుకుని కొవ్వూరు వచ్చింది.

మా అత్తయ్యది సంత చెప్పే పద్ధతి. ఆవిడ ఒకసారి చెబితే ఎదుట కూర్చున్నవాళ్ళు రెండుసార్లు చెప్పాలి. తప్పు దొర్లితే అక్కడే ఆగాలి. ఒక్క శ్లోకం దగ్గర మూడు రోజులు ఆగినవాళ్ళున్నారు.

"ఫోనులో సంత ఎలా చెబుతున్నావే?" అని అడిగింది అత్తయ్య.

"నేనొకసారి చెప్పి ఆగుతానండీ అమ్మగారూ. ఎవరిళ్ళల్లో వాళ్ళు రెండుసార్లు చెప్పుకుంటారు. మైకులన్నీ నేనే మూసేస్తాను. లేకపోతే ఒకళ్ళ గొంతు ముందూ, ఒకళ్ళది వెనకా, మధ్యలో కుక్కరు కూతలూ... చేపల బజారేననుకోండి!"

"మరి తప్పులు?"

"ఆర్నెల్లలో ఒక్కటీ లేదండీ. నలభైమందీ బంగారాలు."

"రేపు పొద్దున ఒకసారి నువ్వు చెప్పు. విని చాలా కాలమైంది" అంది అత్తయ్య.

తెల్లవారి అత్తయ్య స్నానం చేసి, దీపం పెట్టి, పీట మీద కూర్చుంది. ప్రసూన ఎదురుగా చాప వేసుకుంది. అత్తయ్య వత్తుల బుట్టలోంచి ఇంత పత్తి తీసి, రెండు ఉండలు చేసి, చెవుల్లో గట్టిగా కుక్కుకుంది.

"ఊఁ, కానీ."

ప్రసూన తెల్లబోయింది. అయినా మొదలుపెట్టింది. శ్లోకం శ్లోకానికీ అత్తయ్య తల ఊపుతోంది. ఆరో శ్లోకంలో ప్రసూన కావాలనే ఒక పాదం ఎగ్గొట్టింది.

"భేష్" అంది అత్తయ్య.

ప్రసూన ఆపేసి, చెవి చూపించింది. అత్తయ్య పత్తి తీసింది.

"నేను పాదం మొత్తం వదిలేశానండీ! మీరు భేష్ అన్నారు."

"పెదాలు కదిలాయి కదమ్మా."



ఏడయింది. తరగతి వేళ. ప్రసూన ఫోను గోడకు ఆనించి, "ఈ రోజు కొత్త పాఠం లేదండీ. ఒక్కొక్కరూ మొదటి అయిదు శ్లోకాలూ చెప్పండి. నేను వింటాను" అంది.

చూస్తూండగానే సగం కెమెరాలు ఆరిపోయాయి.

"మేడం, నాకు జలుబండీ!"

"పెనం మీద అట్టుందండీ, రేపు చెప్తాను!"

"అట్టు తీసేసి రండి. నేనుంటాను" అంది ప్రసూన.

చివరికి తణుకు నుంచి భానుజ అనే అమ్మాయి మొదలుపెట్టింది. గొంతు చక్కనిది. ఎక్కడా తడబాటు లేదు. మూడో శ్లోకంలో మాత్రం సగం పాదం లేదు.

"అదేమిటి భానుజ గారూ, సగం వదిలేశారు?"

"అక్కడ ఇంకా ఉందాండీ? ఆ రోజు మాకు నెట్ పోయిందండీ మేడం. అడుగుదామంటే మైకు మీరు మూసేస్తారు. మెసేజ్ పెట్టానండీ. అందరూ దండాల బొమ్మలు పెట్టారు కదా, వాటి కింద పడిపోయినట్టుంది." మెల్లగా అడిగింది. "అయితే ఇన్నాళ్ళూ అమ్మవారి ముందు తప్పే చదివానాండీ?"



"తప్పు మీది కాదమ్మా" అంది ప్రసూన. ఆ పాదం ఒకసారి చెప్పింది. భానుజ రెండుసార్లు చెప్పింది. రెండోసారి సరిగ్గా వచ్చింది.

ప్రసూన అత్తయ్య వైపు తిరిగింది. "రెండో తరగతి ఇప్పుడు వద్దండీ. ముందు ఈ నలభైమందివీ వింటాను."

"నెల పడుతుందేమోనే."

"రెండు నెలలు పట్టనివ్వండి."

తరవాతి పేరు పిలిచింది. విజయనగరం అమ్మాయి. వెనక కుక్కరు కూస్తోంది, ఎవరో తలుపు కొడుతున్నారు. ప్రసూన మైకు మూయలేదు.

అత్తయ్య పీట ముందుకు లాక్కుంది.

"ఆ ఫోను ఇటు జరుపు. ఈ పిల్ల గొంతు చిన్నది."