ఊపిరి లేని నీళ్లు

వాడరేవుకి ఎదురుగా, తీరంలో లైటుహౌసు కూడా కనబడనంత లోపల, ఒకప్పుడు సముద్రం సంతలా ఉండేది. కానాగంత చేపలు గుంపులుగా తిరిగేవి, నెత్తళ్లు తళతళలాడుతూ పోయేవి, వాటిని తరుముతూ వంజరాలు వచ్చేవి. ఇప్పుడక్కడ చేపపిల్ల లేదు. మిగిలినవి రెండే ప్రాణాలు, ఒక ముసలి తాబేలు, ఒంటిమీద చారలున్న సొరచేప ఒకటి, పులిసొర.

తాబేలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి పోతూ అక్కడ చిక్కుకుపోయింది. అది ఒడ్డు వైపు తల తిప్పితే చాలు, పులిసొర అడ్డంగా వచ్చేది. ఆకలికి పులిసొర పొట్ట వీపుకి అంటుకుపోయింది. ఈపాటికి తాబేలును తినేసి ఉండాల్సిందే. కానీ తినేస్తే పొద్దున్నే పలకరించడానికి ఎవరుంటారు? అంత లావు జంతువుకీ ఒంటరిగా ఉండాలంటే భయమే. అడిగితే ఒప్పుకోదు, అది వేరే సంగతి.

"ఏందత్తా, ఇంకా బతికే ఉన్నావా?" అనేది పులిసొర.

"నీ దయ, అల్లుడూ," అనేది తాబేలు.

ఆ తర్వాత చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు. దాని దారిన అది, దీని దారిన ఇది పొద్దుపోయేదాకా నీళ్లు చూస్తూ తిరిగేవి.

ఒకనాడు ఆకలే గెలిచింది.

"ఇంక నావల్ల కాదత్తా. చేపలు యాడికి పోయినయ్యో ఇయ్యాళ చెప్పలేదనుకో, నిన్నే తింటా."

"రోజూ చెప్తానే ఉన్నాగా! కింది నీళ్లలో ఊపిరి అయిపోయింది. ఆ నీళ్లు రాన్రాను పైకొస్తన్నయ్. తట్టుకోలేక చేపలన్నీ దక్షిణంగా పోయినయ్. నువ్వూ పో, కడుపు నిండా తిను. నేను ఒడ్డుకి పోయి నా గుడ్లు పెట్టుకుంటా."

"నీళ్లలో ఊపిరి అయిపోవడం ఏంది? కుండలో బియ్యమా?"

"అట్టాంటిదే. కాలవలు పొలాల్లో ఎరువంతా కడిగి తెచ్చి సముద్రంలో పోస్తన్నయ్. అది తిని పైన నాచు తెగ పెరుగుద్ది. చచ్చి కిందకి రాలుద్ది, కుళ్లుద్ది. కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ఊపిరంతా లాగేసుద్ది."

"ఇంత చదువు నీకెవరు చెప్పారు?"

"ఆమధ్య పరిశోధన ఓడొకటి వచ్చింది కదా. గాలి కోసం దాని పక్కన తేలా. ఒక పిల్ల సీసాల్లోకి నీళ్లు పడతా పక్కనాయనకి ఇదంతా చెప్తంది. చెప్పేటప్పుడు ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. అబద్ధమైతే అంత దిగులెందుకు పడుద్ది?"

పులిసొర పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. పుట్టిన దగ్గర్నుంచి అది ఎవరికీ ఒక్క నిజం చెప్పి ఎరగదు. ఇంకొకరు చెబుతారంటే ఎలా నమ్ముతుంది పాపం!

"సరేలే. మరి నువ్వు రోజూ కిందకి పోయి అంతసేపు ఏం చేస్తావ్?"

"ఊరికే ఉంటా. పైన ఉంటే ఎవరెవరు తిరిగేవాళ్లో అంతా గుర్తొస్తారు. కింద ఆ బాధ లేదు."

"ఈ కబుర్లు నా దగ్గరా! చేపలన్నిటినీ కింద దాచిపెట్టి, నన్ను దక్షిణానికి తోలి, ఒక్కదానివే తిందామనుకున్నావ్. పద. ముందు నువ్వు, వెనక నేను."

"వద్దు అల్లుడూ. కిందకొస్తే చస్తావ్."

"భయపెట్టావంటే కింద చేపలు ఉన్నట్టే!"

తాబేలుకి అప్పుడు తెలిసింది, వద్దన్నకొద్దీ వీడు వస్తాడని. ఇన్నాళ్లూ తప్పించుకోవడానికి ఏం అబద్ధం చెప్పాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంది. ఒక్క అబద్ధమూ అక్కర్లేదన్నమాట. నమ్మితే ఇద్దరం బతుకుతాం, నమ్మకపోతే నేనొక్కదాన్నే బతుకుతాను అనుకుంది. కడుపులో గుడ్లు బరువుగా ఉన్నాయి. అయినా వాడు నమ్మితే బాగుండునని నిజంగానే కోరుకుంది.

పైకి తేలి, గుండెల నిండా గాలి పీల్చుకుని మునిగింది. పులిసొర వెంటపడింది. వెలుగు పోయింది, నీళ్లు చల్లబడ్డాయి. ఎక్కడా అలికిడి లేదు.

"ఏంది, ఇట్టా ఆయాసమొస్తంది?" అంది పులిసొర.

"ఊపిరి లేదని చెప్పాగా. ఇంకా మించిపోలేదు, పైకి పోదాం రా."

"నీకు రాలేదే ఆయాసం? హాయిగా ఈదుతున్నావుగా!"

"నేను పీల్చేది పైనున్న గాలి. దాన్నే పట్టుకొచ్చా. నువ్వు పీల్చాల్సింది ఈ నీళ్లనే. ఇందులో ఏముంది పీల్చడానికి?"

"నీకు సరిపోయిన ఊపిరి నాకు సరిపోదా? చేపలు దగ్గరకొచ్చినయ్, అందుకే నన్ను మళ్లిస్తన్నావ్." పులిసొర తాబేలును పక్కకి నెట్టేసి ఇంకా కిందకి దూకింది.

"అల్లుడూ, ఆగు! ఒట్టు, అక్కడేం లేదు!"

ఒట్టు పెట్టడంతో పులిసొరకి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. తోక బలంకొద్దీ ఆడించింది. కొంచెం దూరం పోయాక ఆ తోక ఆడటం తగ్గింది. నోరు తెరిచి తెరిచి చూసింది. ఎంత తెరిచినా నీళ్లే వచ్చాయి గానీ ఊపిరి రాలేదు. వెనక్కి తిరగబోయింది, ఒళ్లు తిరగలేదు.

"అత్తా... నిజమే చెప్పావా?"

"అన్నీ నిజాలే చెప్పా నాయనా."

పులిసొర ఇంకేదో అనబోయింది. అనలేక నెమ్మదిగా చీకట్లోకి దిగిపోయింది. పట్టి ఆపేంత బలం తాబేలుకి లేదు. పట్టుకున్న గాలి కూడా అయిపోవస్తుంటే పైకి వచ్చేసింది.

పైన ఎండ కాస్తోంది. ఒడ్డుకి దారి ఖాళీగా ఉంది, అడ్డొచ్చేవాళ్లు లేరు. గెలిచింది కాబట్టి సంతోషంగా పోవాలి. కానీ తాబేలు వెంటనే కదల్లేకపోయింది. గుడ్లు మోస్తూ అక్కడక్కడే తిరిగింది. "అల్లుడూ" అని ఒకసారి పిలిచింది కూడా. అంత సముద్రంలో ఊఁ అనేవాళ్లు లేరు. ఇక పలకరించేవాళ్లుండరని బాగా తెలిశాక, ఒడ్డు వైపు ఈదుకుంటూ పోయింది.

ప్రతి మాటలోనూ మోసం వెతికేవాణ్ణి ముంచడానికి అబద్ధం ఆడక్కర్లేదు, నిజం చెబితే చాలు.