పదకొండు చుక్కల తేడా

నల్లరాతి కొండలో ఒక చల్లని గుహ ఉంది. మండే ఎండాకాలంలో కూడా దాని కప్పు నుంచి నీటిచుక్కలు టప్ టప్‌మంటూ ఒకే తీరుగా రాలుతుంటాయి. అందులో రెండే ప్రాణులు కాపురం: రాతిని కరచుకుని ఉండే ఉడుము, లోతైన మడుగులో తాబేలు. రెండింటి పనీ ఆకాశం కబుర్లు పట్టడమే.

ఎక్కడో అంతులేని దూరంలో రెండు చచ్చిన నక్షత్రాలు గుద్దుకుంటే లోకమంతా వెంట్రుకవాసి వణుకుతుంది. ఆ వణుకు ఉడుము గోళ్లకు తెలుస్తుంది. అదే గుద్దులో, కొండల్ని కూడా లెక్కచేయకుండా దూసుకుపోయే రేణువులు పుడతాయి. పట్నం వాళ్లు వాటిని న్యూట్రినోలంటారు. ఏ కోటికో ఒకటి మడుగు నీళ్లలో తగిలి మిణుక్కుమంటే తాబేలు చూస్తుంది. కబురు అందగానే, ఆ గుద్దులో పుట్టిన కొత్త వెలుగు కోసం గుడ్లగూబ ఆకాశంలో వెతకాలి.

చిక్కేమిటంటే, దున్నపోతు నడిచినా రాయి వణుకుతుంది. నీళ్లలో ఉత్త మెరుపులూ వస్తాయి. ఉడుము ఒకసారి, తాబేలు ఒకసారి తొందరపడి కేకేశాయి. గుడ్లగూబ వెళ్లి సింహం దగ్గర మొరపెట్టుకుంది.

"ఆకాశమంతా గాలించి నా మెడ పట్టేసింది ప్రభూ!"

"ఇంకొక్క ఉత్త కబురు వచ్చిందా, గుహ ఖాళీ చేయాల్సిందే!" అని సింహం గర్జించింది.

ఆ మాట వినగానే నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆ చల్లటి గుహ మీద దానికి ఎప్పటినుంచో కన్నుంది.

గుహలో తాబేలు అంది, "తమ్ముడూ, పొద్దుపొడుపు నుంచి చుక్కలు లెక్కపెడదాం. నీ వణుకూ నా మెరుపూ ఒకే చుక్క దగ్గర పడితేనే నోరు విప్పుదాం."

"సరే అక్కా. గుహ పోతే మనకు దిక్కెవరు?" అంది ఉడుము దిగులుగా.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నక్క గుహ పైకెక్కి బండ మీద దబదబా దూకింది. ఒక్క పరుగున దిగివచ్చి, అద్దం ముక్కతో ఎండను మడుగులోకి కొట్టింది. ఆనక ఏమీ ఎరగనట్టు సింహాన్ని వెంటబెట్టుకొచ్చింది.

"ఏం ఉడుము మామా, కబురేం లేదా?"

"లేదు."

"అదేమిటి? వణుకూ మెరుపూ రెండూ వచ్చాయిగా! గుడ్లగూబను పిలవరేం?"

తాబేలు నీళ్లలోంచి తల పైకెత్తింది. "మేమింకా ఎవరికీ చెప్పలేదే నక్కయ్యా! నీకెలా తెలిసింది?"

నక్క ఒక అడుగు వెనక్కి జరిగింది.

"వణుకుకీ మెరుపుకీ మధ్య పదకొండు చుక్కలు రాలాయి ప్రభూ," అంది ఉడుము. "కొండపైనుంచి మడుగు దాకా ఒకడు పరుగెత్తడానికి సరిగ్గా అంతే పడుతుంది."

నక్క చంకలోంచి అద్దం ముక్క జారి రాతి మీద ఖంగుమంది.

సింహం మీసాలు దువ్వుకుంది. "గుహ మీద కన్నేశావన్నమాట, అయితే ఇక్కడే ఉండు! మూడు రోజులు చుక్కలు నువ్వే లెక్కపెట్టు. ఒక్కటి తప్పావో, తోలు ఒలుస్తా. ఉడుమూ, తాబేలూ, మీరు కూడా వినండి. ఈ మూడు రోజుల్లో నిజం కబురొకటి తేకపోతే మీకూ గుహ లేదు."

పాపం నక్క! రెండు రోజులు లెక్కపెట్టేసరికి దాని కళ్లు గుంటలు పడ్డాయి. మూడో రోజు సాయంత్రం కావస్తోంది. నిజం కబురు ఒక్కటీ రాలేదు.

"వణికింది!" అని ఉన్నట్టుండి అరిచింది ఉడుము.

"మెరిసింది!" అంది తాబేలు అదే క్షణంలో.

"నాలుగు వేల ఆరు! రెండూ అదే చుక్క!" అని నక్క తనకు తెలియకుండానే ఎగిరి గంతేసింది.

అప్పుడే నిద్రలేచిన గుడ్లగూబ విసుక్కుంటూ వచ్చింది. "మళ్లీ ఆకాశమంతానా?"

"నా వణుకు తూర్పు నుంచి దక్షిణం దాకా, ఆ పట్టీలో ఎక్కడినుంచో," అంది ఉడుము.

"నా మెరుపు గుహ ఎదుట ఉన్న ఆ జంటబండల వైపు నుంచి," అంది తాబేలు.

"అయితే పట్టీ బండల మీదుగా పోయే ఆ జానెడు మేరేగా!" గుడ్లగూబ మెడ ఒక్కసారే తిప్పింది. చీకటి పడుతున్న ఆకాశంలో, నిన్న ఏమీ లేని చోట, ఓ కొత్త చుక్క మిలమిల మెరుస్తోంది.

అడవంతా ఈలలూ కేకలూ. ఉడుముకి ఆనందంతో కళ్లు చెమ్మగిల్లాయి.

"రెండూ ఒకే చుక్క దగ్గర పడ్డాయనడానికి సాక్షి ఎవరు?" అని అడిగింది కేకలు విని వచ్చిన సింహం.

"నేనే ప్రభూ," అంది నక్క బిక్కమొహంతో. గుహ ఉడుముకీ తాబేలుకీ ఖాయం చేసిన సాక్ష్యం అదే.

నీతి: వేర్వేరు చోట్ల ఉన్న ఇద్దరికి ఒకే క్షణంలో ఒకే సంగతి తెలిస్తే దాన్ని నమ్మవచ్చు, ఒక్కడే పరుగెత్తి ఇద్దరి పనీ చేస్తే ఆ పరుగే వాణ్ణి పట్టిస్తుంది.