పొలిమేర దాటించిన బండి

అనగనగా, సముద్రాలకు అవతల, ఇంగ్లండు దేశంలో థార్న్‌వెల్ అనే చిన్న ఊరు ఉండేది, అమ్మలూ. నలభై రాతి ఇళ్ళు, ఒక చర్చి, చుట్టూ గొర్రెలు మేసే గుట్టలు. ఆ ఊరివాళ్ళు మాట తప్పేవాళ్ళు కారు. ఆ సంగతి వాళ్ళే అందరికీ చెప్పుకునేవాళ్ళు.

తాతల నాటి నుంచి అక్కడొక కట్టుబాటు ఉండేది. పొలిమేర లోపల పుట్టిన పేదబిడ్డకు బతికినన్నాళ్ళూ ఊరే తిండి పెట్టాలి. మంచి కట్టుబాటే.

ఒక చలికాలం మధ్యాహ్నం హెస్టర్ అనే పరాయి ఊరి మనిషి నడిచి వచ్చింది. నిండు చూలాలు. నొప్పులు మొదలయ్యాయి. మొదట రొట్టెలు కాల్చేవారి ఇంట్లో చోటు అడిగింది. ఆమె కడుపు చూసి, తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత పిండిమర దగ్గర అడిగింది. చప్పుడులో వినపడలేదన్నారు. ఆ తర్వాత మంత్రసాని ప్రూడెన్స్ ఇల్లు చేరింది. ప్రూడెన్స్ ఆమెను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది.

అప్పుడు ఊరిపెద్ద ఎబెనీజర్, ఆమెను పొలిమేర దాటించడానికి, ఇద్దరు మనుషులతో గడ్డిబండి తోలుకొచ్చాడు.

"ఒక్క గంట ఓపిక పట్టండయ్యా, ఇక్కడే కాన్పవుతుంది," అంది ప్రూడెన్స్.

"ఆ గంట గురించేగా మా భయమంతా! నీకేం, పురుడు పోసి చేతులు కడుక్కుంటావు. జన్మంతా మేపాల్సింది ఊరు."

ప్రూడెన్స్ ఇక మాట్లాడలేదు. మాట్లాడి ఉండవలసింది. తనే చెయ్యి పట్టి హెస్టర్‌ను బండి ఎక్కించి, వెంట నడిచింది.

పొలిమేర రాయి దాటి పది అడుగులు వేశారో లేదో, బండిలోనే ఆడపిల్ల పుట్టింది. కేరుమని ఏడ్చింది.

"అమ్మయ్య! మనది కాదు," అన్నాడు బండి వెనక నడిచేవాడు. మిగతావాళ్ళు నవ్వారు. అవును, నవ్వారు.

ఆ ఏడుపు విని పక్క ఊరి గొర్రెలకాపరి పరుగున వచ్చాడు. ఎవరి బిడ్డ అని అడగలేదు. కోటు విప్పి పాపకు చుట్టాడు. "చలికి నీలబడుతోంది, నడవండి మా ఇంటికి," అన్నాడు.

ఆ తర్వాత థార్న్‌వెల్‌లో నలుగురు కూడితే ఆ బండి సంగతే గుర్తొచ్చి మాటలు సాగేవి కావు. మూడో నెలలో ఎబెనీజర్, ప్రూడెన్స్ గంపెడు రొట్టెలు గొర్రెలకాపరి ఇంటికి మోసుకెళ్ళి హెస్టర్ ముందు నిలబడ్డారు.

"నీకూ పాపకూ అని తెచ్చాం, తల్లీ," అన్నాడు ఎబెనీజర్.

హెస్టర్ కోప్పడలేదు. "మీ కట్టుబాటు తప్పకండయ్యా. నా కూతురు మీ ఊళ్ళో పుట్టలేదు," అంది. తర్వాత మెల్లగా, "చలిలో వచ్చారు. కూర్చోండి, పాపను చూసి వెళ్ళండి," అంది.

ఆమె కసిరి ఉంటే బాగుండేది. ఇద్దరూ కూర్చున్నారు. పాప కాళ్ళాడిస్తూ నవ్వుతూనే ఉంది. ఎంతసేపు కూర్చున్నా, ఆ ముఖం చూడటానికి ఇద్దరికీ తల లేవలేదు.

కథ కంచి దారి పట్టింది, ఇక నీ కంటికి కునుకు పట్టాలి.